మాకేం అభ్యంతరం లేదు, కానీ...

మా అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం మినిట్స్ పుస్తకంలో గాజుపెట్టెలో పెట్టి చూపించదగ్గ పేజీ ఒకటుంది. ఆ రోజు ఎజెండాలో మూడంశాలు. ఒకటి, సంపులో పాచి. రెండు, నాలుగో అంతస్తు వారి కుక్క లిఫ్టులో చేస్తున్న అఘాయిత్యం. మూడు, రెండో అంతస్తులో ఖాళీగా ఉన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు అద్దెకు కావాలని వచ్చిన ఒక మనిషి. సంపు మీద గంట చర్చించాం. కుక్క మీద గంటన్నర. మనిషి మీద నాలుగు నిమిషాలు. తీర్మానం ఇలా రాసుకున్నాం: "ట్రాన్స్‌జెండర్లు నివసించుటకు సంఘ సభ్యులకు ఎటువంటి అభ్యంతరమూ లేదు. కానీ ఫ్యామిలీలు ఉంటున్న కారణంగా..." ఆ వాక్యం అక్కడితో ఆగిపోయింది. పూర్తి చేయాలని ఎవరికీ తోచలేదు. మూడు చుక్కలు పెట్టి కింద పదకొండు సంతకాలు చేశాం. 'చేశాం' అంటున్నానని గమనించే ఉంటారు. పదకొండోది నాది.

వచ్చినామె ఓ డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తనమూనాలు తీసే టెక్నీషియను. ఆరు నెలల జీతం స్లిప్పులు, ఆధార్, పాత ఇంటి కరెంటు బిల్లులు, ఇద్దరు హామీదారుల ఫోన్ నంబర్లు అన్నీ ప్లాస్టిక్ ఫోల్డర్లో వరసగా పెట్టుకుని తెచ్చింది. మా బిల్డింగులో అద్దెకున్నవాళ్లెవరూ ఇన్ని కాగితాలు తేలేదు. నేను దిగినప్పుడు నన్నడిగిన ప్రశ్న ఒక్కటే, "మీరు వెజ్జా, నాన్‌వెజ్జా?" ప్రెసిడెంటు గారు ఫోల్డరంతా తిరగేశారు. "అన్నీ బాగానే ఉన్నాయమ్మా" అన్నారు. 'అమ్మా' అని నోరు జారినందుకు వెంటనే దగ్గి సర్దుకున్నారు. "మాకేం అభ్యంతరం లేదు. కానీ..."

ఆమె ఫోల్డర్ మూసేసింది. ఆ వాక్యం చివర ఏముంటుందో మాకన్నా ఆమెకే బాగా తెలుసు.

"పర్లేదు సార్. మీది పదిహేడో ఇల్లు" అని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయింది. లిఫ్టు పనిచేస్తూనే ఉంది. కుక్క ఎక్కే లిఫ్టు.

ఇదే ప్రెసిడెంటు గారి గృహప్రవేశం అంతకు పది నెలల ముందు జరిగింది. పాలు పొంగాయి, వ్రతం ముగిసింది, విస్తళ్లు వేస్తున్నారు. అప్పుడు గేటు దగ్గర ఆటో ఆగి నలుగురు దిగారు. చప్పట్లు వినబడగానే వాచ్‌మన్ పరుగున పైకొచ్చాడు. ప్రెసిడెంటు గారు పట్టుపంచె సర్దుకుని గుమ్మంలోకి వెళ్లారు.

"ఇర్వై ఒక్క వెయ్యి ఇయ్యి బిడ్డా. ఇంత మంచి ఇల్లు కొన్నవ్."

"అంతెక్కడమ్మా, ఇంకా లోనే తీరలేదు."

"లోను మేం తీర్సమంటున్నమా? సల్లగుండాలని దువా ఇస్తమంటున్నం."

బేరం 5,116 దగ్గర తెగింది. వాళ్లలో పెద్దామె నోట్లు కళ్లకద్దుకుని, గుమ్మానికి దిష్టి తీసి, కొంగు ముడి విప్పి ఒక రూపాయి బిళ్ల తీసింది. దానికి పసుపు రాసి, "బీరువల పెట్టుకో బిడ్డా, లక్ష్మి నిలుస్తది" అంది. హైకోర్టు నోటీసు కూడా ఒంటిచేత్తో అందుకునే మా ప్రెసిడెంటు గారు నడుము వంచి రెండు చేతులూ జోడించి ఆ రూపాయి అందుకున్నారు. అది ఇప్పటికీ ఆయన లాకర్లో, ఎర్రగుడ్డలో, ఫ్లాటు దస్తావేజుల మీద కూర్చుని ఉంది. వాళ్ల చేతి రూపాయికి మాస్టర్ బెడ్‌రూమ్‌లో పర్మినెంటు నివాసం దొరికింది. వాళ్లలో ఒకరికి రెండో అంతస్తులో పదకొండు నెలల అగ్రిమెంటు దొరకలేదు.

తెలుగులో 'కానీ' అనే మాటకు మూడర్థాలున్నాయి. మొదటిది మా మినిట్స్ పుస్తకంలో ఉంది. రెండోది మా తాతల జేబుల్లో ఉండేది. అణాలో నాలుగో వంతు నాణెం. యుద్ధకాలంలో రాగికి కరవొచ్చి, 1943 నుంచి తెల్లదొరల ప్రభుత్వం దాన్ని మధ్యలో చిల్లుతో అచ్చువేసింది. అదే చిల్లుకానీ. చేత్తో పట్టుకుంటే నాణెమే, కంటికి ఎత్తి చూస్తే అవతలి గోడ కనిపిస్తుంది. ఈ దేశం ట్రాన్స్‌జెండర్లకు ఇంతవరకు ఇచ్చిన హక్కులన్నీ ఏరి ఒక మూటగడితే చిల్లుకానీల గలగల వినబడుతుంది. మూడో అర్థం కూడా ఉంది గానీ, మా సంఘంలో ఎవరూ వాడగా వినలేదు.

అయినా పాపం మనుషుల్ని ఇలా దూరం పెట్టే విద్యను మా అపార్ట్‌మెంటే కనిపెట్టిందనడం అన్యాయం. దానికి పెద్ద వంశవృక్షమే ఉంది. మన హైదరాబాదులోనే 1329 ఫస్లీలో, అంటే 1919లో, నిజాం సర్కారు నపుంసకుల చట్టం అని ఒకటి చేసింది. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, వాళ్లను నపుంసకులుగా మారుస్తారనో అనుమానం ఉన్నవారి పేర్లూ ఇళ్లూ రిజిస్టరులో ఎక్కించాలి. అనుమానం చాలు, రుజువక్కర్లేదు. రిజిస్టరుకెక్కిన మనిషి ఆడ దుస్తుల్లోనో నగలు పెట్టుకునో వీధిలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. ఆడినా, వాయించినా అంతే. వీధిలోకి రాకుండా, వీధిలో వాళ్లకు కనబడాలనే ఉద్దేశంతో ఇంకెక్కడ నిలబడినా అంతే. రెండేళ్ల వరకూ జైలు. కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి గాలి కోసం నిలబడిందా, కనబడాలని నిలబడిందా అన్నది చూపుతోనే తేల్చగల జమేదార్లు ఆ రోజుల్లో ఉండేవారన్నమాట.

నిజాం పోయాడు. హైదరాబాద్ రాష్ట్రం పోయింది. ఆంధ్రప్రదేశ్ వచ్చింది, రెండైంది. జెండాలు మారాయి, రాజధాని గొడవలు నడిచాయి. ఈ చట్టం మాత్రం పేరులో 'తెలంగాణ ప్రాంతాల' అన్న ముక్క చేర్చుకుని హాయిగా బతికింది. 2018లో వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు హైకోర్టు తలుపు తడితే అప్పుడు దాని అమలు ఆగింది. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. 104 ఏళ్లు. మన దగ్గర వంతెనలు అంతకాలం నిలబడవు. అదే తీర్పులో విద్యలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ కల్పించాలనీ, ఆసరా పింఛను వర్తింపజేయాలనీ కూడా చెప్పింది.

తీర్పుతో చట్టం పోయింది. దాని రిజిస్టరు మాత్రం ఎక్కడికీ పోలేదు. పదకొండు సంతకాలతో మా సెక్రటరీ గారి అల్మరాలో ఉంది.

ఇక ఢిల్లీ చిల్లుకానీల సంగతి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో చారిత్రకమైన తీర్పిచ్చింది. ఎవరు స్త్రీయో, ఎవరు పురుషుడో, ఎవరు మరొకరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేననీ, అందుకు ఆపరేషన్ చేయించుకోవాలని పట్టుబట్టకూడదనీ, వీరిని సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గంగా చూసి రిజర్వేషన్లు ఇవ్వాలనీ జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీ చెప్పారు. దేశమంతా ఎంత విశాలహృదయం మనది అని తన భుజం తానే తట్టుకుంది. మరుసటి ఏడాది తిరుచ్చి శివ ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లును రాజ్యసభ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఒక్కరికీ అభ్యంతరం లేదు. కానీ అది చట్టం కాలేదు.

దాని బదులు ప్రభుత్వం తనదైన బిల్లు తెచ్చింది. తొలి ముసాయిదాలో ట్రాన్స్‌జెండర్ అంటే పూర్తిగా స్త్రీ గానీ పూర్తిగా పురుషుడు గానీ కానివారు అని నిర్వచించారు. తూకంరాళ్లు ఎవరి దగ్గర ఉంటాయో చెప్పలేదు. వీళ్లను బిచ్చానికి పురిగొల్పడం నేరమన్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఏమిటో పార్లమెంటు భాషలో అప్పుడే తెలిసింది. గగ్గోలు పుట్టాక ఆ రెండూ తీసేశారు. చివరికి 2019లో హక్కుల పరిరక్షణ చట్టం వచ్చింది. నువ్వెవరో చెప్పుకునే హక్కు నీదే అని అందులోనూ రాశారు. కానీ, ఆ ముక్క జిల్లా మెజిస్ట్రేటు కాగితం మీద రాసివ్వాలన్నారు. ఆ కాగితం మీద 'ట్రాన్స్‌జెండర్' అనే ఉంటుందన్నారు. స్త్రీ అనో పురుషుడనో రాయించుకోవాలంటే ఆపరేషన్ అయిందని ఆసుపత్రి సూపరింటెండెంటు ధ్రువీకరించాలన్నారు. సుప్రీంకోర్టు వద్దన్న కత్తి దొడ్డిదారిన వచ్చి బల్ల మీద కూర్చుంది. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలి. ఇక్కడ పూజారి దగ్గర స్టాంపు ప్యాడ్ కూడా ఉంది.

ఈ ఏర్పాటు అంత మంచిదైతే అందరికీ పెట్టేద్దామని నా ప్రతిపాదన. మా ప్రెసిడెంటు గారు తాను పురుషుడినని కలెక్టరాఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. ఇరవై రూపాయల స్టాంపు కాగితం మీద అఫిడవిట్టు, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు. క్యూలో నిలబడితే కౌంటర్ వెనక కుర్రాడు ఆయన్ను పైనుంచి కిందకు ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి చూసి, పక్కవాడి చెవిలో ఏదో చెప్పి నవ్వాలి. "సార్, మీకెప్పట్నుంచీ ఇలా అనిపిస్తోంది?" అని అడగాలి. "పెళ్లయిందా? పిల్లలెందరు? మరి మీసం ఎందుకు తీసేశారు?" అని కూపీ లాగాలి. మూడుసార్లు తిప్పాక సర్వర్ డౌన్ అని చెప్పాలి. నాలుగోసారి వెళ్లేసరికి ప్రెసిడెంటు గారికే తన మీద సందేహం రావాలి. అప్పటికి గానీ ఆ ఫోల్డర్‌లోని కాగితాల బరువు ఆయన చేతికి తెలియదు.

చట్టంలోని శిక్షల దగ్గరకు వద్దాం. ట్రాన్స్‌జెండర్ మనిషిని ఊళ్లోంచి వెళ్లగొట్టినా, బూతులు తిట్టినా, కొట్టినా, లైంగికంగా హింసించినా 2019లో అన్నిటికీ కలిపి ఒకే రేటు పెట్టారు. ఆరు నెలల నుంచి రెండేళ్లు. అదే నేరం స్త్రీ మీద జరిగి అత్యాచారం అయితే కనీస శిక్షే పదేళ్లు. కొత్తగా వచ్చిన భారతీయ న్యాయ సంహిత లింగం అన్న మాటకు చెప్పిన అర్థంలో ట్రాన్స్‌జెండర్‌ను చేర్చింది. చదవగానే సంబరపడతాం. కానీ అత్యాచారం సెక్షన్‌లో మాత్రం చేసేది పురుషుడు, బాధితురాలు స్త్రీ. తలుపు మీద పేరు చెక్కించి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చినట్టు.

లెక్క ఒకసారి పోల్చి చూడండి. 1919లో ఆమె చీర కట్టుకుని వీధిలోకొస్తే ఆమెకు రెండేళ్లు. 2019లో వీధిలో ఆమె చీర లాగినవాడికి మహా అయితే రెండేళ్లు. వందేళ్ల ప్రగతి. ధరలన్నీ పెరిగిన దేశంలో ఒక్క ఈ రేటు మాత్రం స్థిరంగా నిలబడింది.

కుటుంబం అన్న మాటకు కూడా ఆ చట్టం అర్థం చెప్పింది. రక్తసంబంధం, పెళ్లి, చట్టప్రకారం దత్తత. అంటే పద్నాలుగేళ్లకు జుట్టు పట్టుకుని గడప బయటకు ఈడ్చేసిన తండ్రి కుటుంబం. రాత్రి రైల్వే స్టేషన్‌లో ఆకలితో కూర్చుంటే తీసుకెళ్లి అన్నం పెట్టి, జ్వరమొస్తే తలదగ్గర కూర్చున్న గురువు, అక్కా చెల్లీ అనుకున్న తోటి చేలాలు ఎవరూ కారు. ఇంట్లోవాళ్లకు చూసుకోవడం చేతకాకపోతే కోర్టు పునరావాస కేంద్రానికి పంపుతుందట. గురువింట్లోనూ దోపిడీ లేదనను. అక్కడా వాటాలున్నాయి, అప్పులున్నాయి, దెబ్బలున్నాయి. అది మన ఇళ్లలో ఉన్నప్పుడు దాన్ని కుటుంబ సమస్య అంటాం. వాళ్లింట్లో ఉంటే ముఠా సంస్కృతి అంటాం.

మా సంఘంలో బాగా చెలామణీ అయ్యే వాదన ఇంకొకటుంది. మూడో అంతస్తు రిటైర్డు ఆడిటరు గారు చెబుతారు: "వాళ్లు పనిచేయరండీ. చప్పట్లు కొడితే డబ్బులొస్తుంటే ఎందుకు చేస్తారు?" ఈయన బాల్కనీలో వాలుకుర్చీ మీంచి ఈ మాట చెబుతారు. శుభకార్యాలకొచ్చి బలవంతంగా వసూలు చేసేవాళ్లున్నారు. దబాయింపు ఎవరు చేసినా దబాయింపే, పోలీసులకు ఫోన్ చేయాల్సిందే. కానీ సిగ్నల్ దగ్గర ఒకరు చెయ్యి చాస్తే, జీతం స్లిప్పులు తెచ్చినామెకు ఇల్లు ఎగ్గొట్టే లెక్క ఏ ఆడిటింగులో ఉందో ఆయన చెప్పాలి. ఆ లెక్కన ఒక ఆడిటరు దొంగలెక్కలు రాసి దొరికిన రోజున, మూడో అంతస్తు ఖాళీ చేయించాలి.

పనిచేయరన్నారు గనక, చేసినవాళ్లకు ఏం జరిగిందో చూద్దాం. 2017లో కొచ్చి మెట్రో ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిచ్చింది. దేశమంతా చప్పట్లు కొట్టింది, ఈసారి మనం. కానీ కొన్నాళ్లకే కొందరు మానేశారు. కారణం బద్ధకం కాదు. ఊళ్లో ఎవరూ గది అద్దెకివ్వలేదు. లాడ్జిలకు కట్టే డబ్బుకు జీతం చాలలేదు. ఉత్తరప్రదేశ్‌లో ఒక స్కూలు, గుజరాత్‌లో మరో స్కూలు ఒకే టీచరమ్మను వద్దనుకున్నాయి. పాఠం రాదని కాదు, ట్రాన్స్ మహిళ అని తెలిసి. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2025 అక్టోబరులో పరిహారం వచ్చింది. తను నిలబడ్డ నల్లబల్ల మీద దేశానికి ఒక పాఠం చెప్పింది గానీ, ఆ పీరియడ్‌కు ఇన్నేళ్లు పట్టింది.

మన దగ్గరికొస్తే, డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో చేరి, తెలంగాణ ప్రభుత్వ సర్వీసులో తొలి ట్రాన్స్‌జెండర్ వైద్యులయ్యారు. అంతకు ముందు ప్రైవేటు ఆసుపత్రుల చేదు ఎలా ఉంటుందో కూడా రుచి చూశారు. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. అదే కూడలి, అదే ఎండ. చెయ్యి చాస్తే కారు అద్దం ఎత్తేసినవాళ్లం, చెయ్యి ఎత్తితే బండి ఆపుతున్నాం. ఆడిటరు గారు కూడా ఆపారు. హెల్మెట్ లేదు మరి. 2011 జనగణనలో 'ఇతరులు' అన్న గడిలో 4,87,803 మంది తేలారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. చెప్పుకోడానికి జడిసినవాళ్లు ఈ లెక్కలో లేరు. అందులో 39 ఎంతో ఆడిటరు గారే వేయాలి, ఆయన శాఖ అది. లెక్కకెక్కినవారిలో చదవడం రాయడం వచ్చినవాళ్ల శాతం దేశ సగటుకన్నా చాలా తక్కువ. బడిలో వీపు మీద గిచ్చి, బాత్రూములో తలుపేసి, పేరు మార్చి పిలిచి పంపించేశాక, పని ఎందుకు చేయరని వాలుకుర్చీలోంచి అడగడం మన హక్కు.

ఇక ఆఖరి అస్త్రం ఉంది. "ఇది మన సంస్కృతి కాదండీ, పడమటి గాలి." ఈ మాట అన్నది ఐదో అంతస్తు సుబ్బలక్ష్మిలాంటి పేరున్న ఒక పెద్దమ్మగారు. ఏటా బ్రహ్మోత్సవాలకు వెళ్లి ఐదో రోజు ఉదయం మోహినీ అవతారాన్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. పుట్టిల్లు కోనసీమ. అక్కడ ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ఏకశిలా విగ్రహం. ముందునుంచి చూస్తే విష్ణువు, వెనక్కి వెళ్లి చూస్తే కొప్పుతో సహా మోహిని. భక్తులు ముందు దణ్ణం పెట్టి, చుట్టూ తిరిగి వెళ్లి వెనక దణ్ణం పెడతారు. స్వామీ, ముందా వెనకా ఏదో ఒకటి తేల్చండి, కలెక్టరు గారి కాగితం తెచ్చుకోండి అని ఇన్ని వందల ఏళ్లలో ఒక్కరూ అడగలేదు. అజ్ఞాతవాసంలో బృహన్నలకు విరాటరాజు కొలువు కూడా, వసతి కూడా ఇచ్చాడు. పాపం ఆయనకు అపార్ట్‌మెంట్ సంఘం లేదు.

నాటకాల సంగతి సరేసరి. స్థానం నరసింహారావు గారు సత్యభామగా వస్తే జనం ఊళ్లకు ఊళ్లు బళ్లు కట్టుకుని వచ్చారు. 1956లో పద్మశ్రీ ఇచ్చుకున్నాం. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామాకలాపానికి ఆడవాళ్లే అసూయపడ్డారని మా నాన్నగారు చెప్పేవారు. అది కళ, వాళ్లు నటులు అంటారు పెద్దమ్మగారు. నిజమే, ఆ మహానుభావుల విద్యను ఇక్కడికి లాగడం నా ఉద్దేశం కాదు. నాకు తీరని సందేహం ఒకటే. జడ విసురుతూ నడిచే ఆ నడక వేషమైతే పద్మశ్రీ, బతుకైతే పోలీస్ స్టేషనా? సినిమాల్లో హాస్యానికి కరవొచ్చినప్పుడల్లా 'తేడా' అంటూ ఒక పాత్రను తెచ్చి చెంపలు వాయించే దర్శకులకు కూడా ఇదే ప్రశ్న. వాళ్లకూ అభ్యంతరం లేదట. కానీ జనం నవ్వుతున్నారట.

స్త్రీ అంటే ఎవరన్న దాని మీద మన పెద్దల జ్ఞానం అంతులేనిది. మధ్యప్రదేశ్‌లోని కట్నీ ప్రజలు పాతికేళ్ల కిందట కమలా జాన్ అనే హిజ్రాను మేయరుగా ఎన్నుకున్నారు. అది మహిళలకు కేటాయించిన పదవి, ఈమె మహిళ కాదని చెప్పి ఆ ఎన్నిక రద్దు చేశారు. ఓటేసినవాళ్లకు అభ్యంతరం లేదు. ఇటీవల మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందు ఒక అత్తింటివారి వాదన ఇంకా ఘనం. కోడలు ట్రాన్స్ మహిళ, పిల్లల్ని కనలేదు, కాబట్టి స్త్రీ కాదు, కాబట్టి గృహహింస సెక్షన్ 498ఏ వర్తించదు అన్నారు. 2025 జూన్‌లో జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదనను తోసిపుచ్చారు. ట్రాన్స్ మహిళ కూడా మహిళేనని, గర్భసంచితో స్త్రీత్వాన్ని కొలవకూడదన్న అర్థంలో చెప్పారు. ఆరోపణలకు తగిన ఆధారాల్లేవని ఆ కేసును కొట్టేశారు, అది వేరే విషయం. ఆ అత్తింటి వాదనే ఒప్పుకుంటే, పిల్లల్లేని ప్రతి ఇల్లాలూ రేపట్నుంచి తన్నులు తినడానికి అర్హురాలవుతుంది. సంతానం కోసం చెట్లకు ఉయ్యాలలు కట్టే దేశంలో ఎవరూ ఈ కోణంలో ఆలోచించినట్టు లేదు.

రెండో అంతస్తు ఫ్లాటు ఆ మరుసటి నెలే పోయింది. ఫ్యామిలీకే. మొన్న ఒక అర్ధరాత్రి ఆ ఇంటాయన కొట్టిన దెబ్బలకు ఆ ఇల్లాలు కారిడార్లోకి పరుగెత్తుకొచ్చింది. పదకొండు తలుపులు లోపలినుంచి గడియపడిన చప్పుడు వరసగా వినిపించింది. దాని మీద మీటింగు పెట్టలేదు. ఫ్యామిలీ వ్యవహారం కదా.

పోయిన వారం షుగర్ పరీక్షకు వెళ్లాను. పరగడుపున వెళ్లి టోకెన్ తీసుకుని కూర్చుంటే నా నంబరు పిలిచారు. కర్టెన్ తీసుకుని లోపలికెళ్తే ఆమె. నీలం కోటు, చేతికి గ్లవ్స్. నన్ను గుర్తుపట్టిందో లేదో ముఖంలో తెలియలేదు. చీటీ మీద పేరు చదివి, "కూర్చోండి సార్. కుడి చెయ్యా, ఎడమ చెయ్యా?" అంది. పదకొండో సంతకం పెట్టిన చెయ్యి కుడిది. ఎడమ చెయ్యి చాపాను.

రబ్బరు పట్టీ బిగించి, రెండు వేళ్లతో నరం వెతికింది. రోజూ ఎందరి రక్తమో తీసే చేతులవి. ఆమె తన రక్తం ఎవరికైనా ఇస్తానంటే మాత్రం కుదరదు. 2017లో వచ్చిన రక్తదాన మార్గదర్శకాలు ట్రాన్స్‌జెండర్లందరినీ పేరుపెట్టి మరీ దూరం పెట్టాయి. ఇదంతా నాకు అప్పుడే గుర్తుకురావాలా? ఏదో ఒకటి అనాలనిపించింది.

"ఆ రోజు మా మీటింగులో... నాకైతే అభ్యంతరం లేదమ్మా, కానీ..."

ఆమె సూది పట్టుకుని ఆగింది. నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. ఆ వాక్యాన్ని పద్దెనిమిదోసారి వింటున్న మనిషి చూపు.

"గుచ్చమంటారా సార్?"

నా చెయ్యి ఆమె చేతిలో ఉంది. ఆమె అడిగినట్టు మేమూ ఎవరినైనా ఒకసారి అడిగి ఉంటే బాగుండేది. మూడో అర్థం నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"ఊఁ, కానీ."

చీమ కుట్టినట్టయినా లేదు. దూది అదిమి, "చెయ్యి మడిచి పట్టుకోండి" అని చెప్పి కర్టెన్ అవతలికి కేకేసింది.

"నెక్స్ట్!"